తిరుపతి నుంచి గండికోటకు: పిల్లలతో, పెద్దవాళ్లతో తేలికపాటి లోయ నడక – తరచుగా అడిగే ప్రశ్నలు

తలకోన అయింది, హార్సిలీ హిల్స్ అయింది. ఈసారి అడవి కాకుండా ఎర్రటి రాళ్లు, ఎండిన నేల, లోతైన లోయ ఉండే చోటికి వెళ్దామనుకునే తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు కారులో అందే దూరంలో ఉన్నది గండికోట. కడప జిల్లా జమ్మలమడుగుకు దగ్గర్లో, ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన చోట ఉంది. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆఫీసులో వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

నడక అసలు ఎంత? మా వాడికి ఆరేళ్లు, నడవగలడా?

హాయిగా నడుస్తాడు. బండి కోట లోపలి దాకా వెళ్తుంది. దిగిన దగ్గర్నుంచి జామియా మసీదు పక్కగా లోయ అంచుకు చేరడానికి పెద్దవాళ్లకు పావుగంట చాలు. పిల్లలు ప్రతి రాయినీ పలకరిస్తూ పోతారు కాబట్టి అరగంట వేసుకోండి. దారి చాలా వరకు చదునైన నేలే. చివర్లో మాత్రం పెద్ద పెద్ద బండల మీద అడుగు తీసి అడుగు వేస్తూ, ఒకట్రెండు చోట్ల చేయి ఆనించి ఎక్కాలి. పిల్లలకు బాగా నచ్చేది ఆ ముక్కే, పెద్దవాళ్లకు టెన్షన్ పెట్టేదీ అదే.

తిరుపతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కిన పిల్లలకు ఇది లెక్కలోకి రాదు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం లాంటి ఘట్టం ఇక్కడ ఒక్కటీ లేదు. కోట కొండ మీదే ఉంది, కానీ ఆ ఎక్కుడంతా మీ కారే ఎక్కేస్తుంది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి. చివరి బండల దగ్గర మాత్రం బలవంతం చేయకండి. మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి వరకు ఆమె నెమ్మదిగా నడవగలరు. నా మాటడిగితే గుడి గోపురం, మంటపంలోని స్తంభాలు చూడటానికే ఒక పూట పడుతుంది. అందరూ లోయ కోసం పరుగెత్తి గుడిని వదిలేస్తారు గానీ, పెద్దవాళ్లు దాన్నే ఎక్కువగా ఇష్టపడతారు. లోయ దగ్గరికి మీరు విడతలుగా వెళ్లి రండి, ఒకరెవరైనా అమ్మ దగ్గర ఉండండి.

పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చా?

చేరొచ్చు, కానీ వద్దు. తిరుపతి నుంచి సుమారు 220 కిలోమీటర్లు. టిఫిన్లు, టీలు, పిల్లల అవసరాలు కలిపి ఐదు గంటలు అనుకోండి. పొద్దున ఆరింటికి కదిలితే మీరు చేరేది సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చే వేళకే. గండికోట ఆ వేళలో చూడాల్సిన చోటు కాదు. లోయ రంగు వెలిసిపోయి కనిపిస్తుంది, బండలు కాలుతుంటాయి, పిల్లలు విసిగిపోతారు. "ఏముంది అక్కడ, రాళ్లేగా" అంటూ తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువ మంది మధ్యాహ్నం చూసొచ్చినవాళ్లే.

మధ్యాహ్నం మూడు, నాలుగింటికి చేరేలా బయల్దేరండి. సాయంత్రం కోట, గుడి చూసి రాత్రి అక్కడే పడుకోండి. లోయను తెల్లవారుజామున చూడండి. ఈ ట్రిప్‌లో కష్టమైన భాగం ప్రయాణమే, నడక కాదు. అంత దూరం పోయినందుకు ఫలితం దక్కేది తెల్లారాకే.

సూర్యోదయమా, సూర్యాస్తమయమా?

సూర్యోదయం. సాయంత్రం వెలుగు కూడా బాగుంటుంది గానీ సెలవు రోజుల్లో సాయంత్రం జనం ఎక్కువ. ఫొటో పడే ప్రతి బండ మీదా ఒక గుంపు, ఒక స్పీకర్ పెట్టె ఉంటాయి. పొద్దున గాలి చల్లగా ఉంటుంది, ఎదుటి గోడ మీద నీడ కిందికి జారుతూ రాయి బూడిద రంగు నుంచి ఎరుపుకు మారడం కూర్చుని చూడొచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. సాయంత్రమైతే చూశాక చీకట్లో బండలు దిగి రావాలి. పొద్దునైతే వెలుగు పెరుగుతుండగా తిరిగొస్తారు. పిల్లలతో వెళ్తే ఈ తేడా చాలా పెద్దది.

దారి ఎలా?

తిరుపతి వాళ్లు రేణిగుంట, రైల్వే కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట మీదుగా కడప చేరాలి. అక్కడి నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా గానీ, ప్రొద్దుటూరు మీదుగా గానీ జమ్మలమడుగు. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు. రేణిగుంట–కడప రోడ్డు మీద లారీల రద్దీ ఎక్కువ, కోడూరు దాటే వరకు అడవి పక్కగా వెళ్తుంది. కాబట్టి రాత్రి ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు. కోడూరు పళ్ల తోటల ఊరు. మామిడి సీజన్ అయితే అక్కడ బండి దానంతటదే ఆగుతుంది. రాజంపేట దగ్గర బోయనపల్లెలో రోడ్డు మీద నుంచే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. ఆయన పుట్టిన తాళ్లపాక కూడా ఆ చుట్టుపక్కలే. ఒంటిమిట్ట కోదండరామాలయానికి మాత్రం ఒక గంట కేటాయించండి.

చిత్తూరు వాళ్లకు పీలేరు, రాయచోటి మీదుగా కడప చేరడం దగ్గర. రాయచోటి దాటాక గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. మలుపుల్లో వాంతి చేసుకునే పిల్లలుంటే ముందే జాగ్రత్తపడండి, పాలకోవా ఘాట్ అయిపోయాక పెట్టండి. గువ్వలచెరువు పాలకోవా కొనకుండా వచ్చేవాళ్లను నేను చూడలేదు.

సొంత కారు లేదు. బస్సులో, రైల్లో కుదురుతుందా?

కుదురుతుంది గానీ చిన్న పిల్లలుంటే శ్రమ. తిరుపతి నుంచి కడపకు, ప్రొద్దుటూరుకు బస్సులు బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి జమ్మలమడుగు, ఆ తర్వాత ఆటో. రైల్లో అయితే గుంతకల్లు లైన్లో కడప దాటాక వచ్చే ఎర్రగుంట్ల గానీ ముద్దనూరు గానీ దిగాలి. ఆటో మాట్లాడుకునేటప్పుడు తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడేసుకోండి. కోట దగ్గర ఎదురుచూస్తే బండి దొరకడం కష్టం. రెండు కుటుంబాలు కలిసి తిరుపతిలోనే ఒక పెద్ద బండి బాడుగకు తీసుకుంటే, ఖర్చు చూసుకున్నా సుఖం చూసుకున్నా అదే మంచిది.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. సంక్రాంతి సెలవులు వాతావరణానికి బాగుంటాయి, జనానికి బాగుండవు. వేసవి సెలవుల్లో వెళ్దామనుకోకండి. కడప ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కోటలో లోయ వైపు నీడనిచ్చే చెట్టు దాదాపు లేదు. వానాకాలం ఆఖర్లో గడ్డి పచ్చగా మొలిచి అందంగా ఉంటుంది గానీ, వాన పడిన రోజు బండల జోలికి వెళ్లొద్దు. తడిసిన రాయి మీద చెప్పు నిలవదు.

అంచు దగ్గర ప్రమాదం ఉందా?

ఉంది. పక్కన రెయిలింగ్ ఉంటుందన్న ధీమాతో వెళ్లొద్దు. కింద లోయ దాదాపు 300 అడుగులు.

అక్కడి గోడలను ఒకసారి పరిశీలనగా చూడండి. రాయి అడ్డంగా పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్ని నిలువుగా పగుళ్లు కోస్తుంటాయి. ఈ రెండూ కలిసిన చోట రాయి చతురస్రపు దిమ్మలుగా విడిపోతుంది. అందుకే లోయ గోడ ఎవరో ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తుంది. అంచున కూర్చోవడానికి పీటలా కనిపించే బండ కూడా అలా విడిపోయిన దిమ్మే కావచ్చు. ఏది కింది రాయికి అతుక్కుని ఉందో, ఏది ఊరికే ఆని ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కాబట్టి చుట్టూ పగులు కనిపించే బండ మీదికి ఎక్కొద్దు, ఒక బండ మీద నుంచి ఇంకోదాని మీదికి దూకొద్దు.

పిల్లల విషయంలో ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. బయల్దేరే ముందే ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దను అప్పగించండి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరు. బండల ప్రాంతం మొదలయ్యే చోట ఆగి, ఇక్కడి నుంచి చేయి వదలకూడదని పిల్లలకు చెప్పండి. అంచుకు రెండు నిలువుల దూరంలో కూర్చుంటే చాలు, లోయ మొత్తం కనిపిస్తుంది. ఇంకా ముందుకు పోతే కొత్తగా కనిపించేదేమీ లేదు. సెల్ఫీ కోసం, రీల్ కోసం వెనక్కి వెనక్కి నడిచే బావమరిది ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, అతన్నీ ఎవరికైనా అప్పగించండి.

లోయలోకి దిగి నీళ్ల దాకా వెళ్లొచ్చా?

కుటుంబంతో వద్దు. మసీదు వైపు నుంచి చూసి తిరిగి రావడమే ఈ నడక.

దీన్ని గ్రాండ్ క్యానియన్ అంటారు. నిజంగా అంత ఉంటుందా?

ఉండదు. అమెరికాలోని ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, కొన్ని చోట్ల 1,800 మీటర్ల లోతు. పెన్న చేసింది అందులో చిన్న ముక్కంత కూడా కాదు. ఆ పేరు పెట్టుకుని వెళ్తే నిరాశే. పేరు మర్చిపోయి వెళ్తే, తల తిప్పినంత మేర ఎర్రటి గోడలు, మధ్యలో మెలిక తిరిగిన నది, గోడ అంచు దాకా కట్టిన కోట ప్రాకారం కనిపిస్తాయి. ఈ మూడూ ఒకే చూపులో పడే చోటు మన రాష్ట్రంలో ఇంకోటి చెప్పడం కష్టం.

ఆ ఎర్రటి రాయి గ్రానైటా?

చాలా చోట్ల అలాగే రాస్తారు, కానీ కాదు. అది క్వార్ట్‌జైట్. ఒకప్పుడు లోతు లేని సముద్రంలో పేరుకున్న ఇసుక గట్టిపడి, కాలక్రమంలో ఉక్కులాంటి రాయి అయింది. ఇనుము కలవడం వల్ల ఎరుపు వచ్చింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరకు గండికోట పేరే పెట్టారు, కడప శిలా సముదాయంలో చేర్చారు.

తిరుపతి వాళ్లకు దీన్లో ఒక విశేషం ఉంది. మన ఇంటి మిద్దె మీద నుంచి రోజూ కనిపించే తిరుమల కొండ పైభాగం, సాయంత్రం ఎండకు ఎర్రగా మెరిసే ఆ నిట్టనిలువు గోడ, అది కూడా ఇదే కడప శిలా సముదాయానికి చెందిన క్వార్ట్‌జైటే. కింద అలిపిరి వైపు కనిపించే గుండ్రటి గ్రానైట్ గుండ్లు అంతకంటే చాలా పాతవి. ఘాట్ రోడ్డులో ఒకచోట గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. కొండకు వందసార్లు వెళ్లినవాళ్లు కూడా దాన్ని దాటుకుంటూ పోతుంటారు. గండికోటకు వెళ్లే ముందు వారం పిల్లలకు అది చూపిస్తే, అక్కడి గోడను చూడగానే వాళ్లే గుర్తుపడతారు.

పిల్లలకు ఇంకో పని కూడా అప్పగించొచ్చు. నడిచే బండల మీద అలల గుర్తులు వెతకమనండి. తీరంలో నీళ్లు వెనక్కి పోయాక ఇసుక మీద సన్నని గీతలు మిగులుతాయి కదా, అలాంటివే రాయిలో గట్టిపడి ఉంటాయి. పొద్దుటి ఏటవాలు వెలుగులో సులువుగా దొరుకుతాయి. వేలితో తడిమితే మిట్టపల్లాలు తెలుస్తాయి. ఫోన్ అడిగే పిల్లవాడు కూడా ఈ పనిలో పడ్డాక అరగంట దాకా ఫోన్ ఊసెత్తడు.

నదిలో నీళ్లుంటాయా?

నంది కొండల్లో పుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న సహజంగా ఎండిపోయే నది. ఇప్పుడు గండికోట, మైలవరం జలాశయాల వల్ల లోయలో చాలాసార్లు నీళ్లు కనిపిస్తాయి. ఎంత ఉంటాయన్నది ఆ ఏడాది వానల మీద, వదిలే నీటి మీద ఆధారపడుతుంది. నిండుగా ఉంటే ఆకుపచ్చని పట్టీలా ఉంటుంది, తక్కువైతే ఇసుక, రాళ్లు బయటపడతాయి. రెండూ చూడదగ్గవే. గండికోట జలాశయానికి శ్రీశైలం నుంచి నీళ్లు తెచ్చే గాలేరు–నగరి పథకం పేరులోని నగరి మన వైపున్న నగరి పట్టణమే. కృష్ణా నీళ్లు గండికోట మీదుగా మన వైపు దాకా తేవాలన్నది ఆ పథకం ఉద్దేశం.

కోటలో ఏమేం చూడాలి?

ప్రవేశ ద్వారాన్ని బండిలో దాటేయకండి, దిగి చూడండి. ఎత్తైన చెక్క తలుపులు, వాటి మీద ఇనుప రేకులు, వరుసగా పొడుచుకొచ్చిన ఇనుప మేకులు. ఏనుగులు తలతో కుమ్మకుండా పెట్టినవి. లోపల పావురాల గోపురం ఉంది, దాన్ని అక్కడివాళ్లు చార్మినార్ అంటారు. జైలు, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, కోనేరు చూడొచ్చు. ధాన్యాగారం గోడల మందం చూస్తే ఎండలోంచి వచ్చినవాళ్లకు లోపల ఎందుకు చల్లగా ఉంటుందో అర్థమవుతుంది.

విజయనగర కాలంలో ఇది పెమ్మసాని నాయకుల కోట. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. 1652లో ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చి, కోట గట్టితనం గురించి రాసిపెట్టాడు. ఒక వైపు లోయే కందకమైనప్పుడు అటు గోడకు పని తక్కువ.

కోట లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి. అరుగు మీద కూర్చున్న అవ్వను అడగకుండా ఫొటో తీయకండి. రాతి మీద పేర్లు చెక్కడం సంగతి చెప్పనక్కర్లేదు, అయినా చెక్కుతూనే ఉన్నారు.

తిండి, నీళ్లు, టాయిలెట్లు?

మనిషికి రెండు లీటర్ల నీళ్లు వేసుకోండి. లోయ దారిలో కొళాయి లేదు. టాయిలెట్ పని బసలోనే ముగించుకుని బయల్దేరండి. కోట దగ్గర చిన్న దుకాణాల్లో టీ, బిస్కెట్లు, మ్యాగీ దొరుకుతాయి గానీ తెల్లవారుజామున వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చుకుంటే నిశ్చింత. పెరుగన్నం మాత్రం మొదటి పూటే తినేయండి, ఆ ఎండకు పులిసిపోతుంది. భోజనానికి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నయం. కడప వైపు వచ్చి కారం దోసె, రాగి సంకటి తినకుండా పోకండి. పిల్లలకు మాత్రం కారం లేని దోసె అని ముందే గట్టిగా చెప్పండి. పెట్రోలు, డబ్బు, మందులు అన్నీ జమ్మలమడుగులోనే చూసుకోవాలి.

రాత్రి ఎక్కడ ఉండాలి?

కోటకు కాస్త ముందు పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ ఉంది. వారాంతాల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. టెంట్లు వేసేవాళ్లు కూడా ఉన్నారు, కుర్రాళ్లకు సరదాగా ఉంటుంది. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే గది తీసుకోండి. ఎక్కడా దొరక్కపోతే జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో ఉండి, పొద్దున చీకటితోనే బయల్దేరండి.

చంటిబిడ్డను తోపుడు బండిలో తీసుకెళ్లొచ్చా?

చక్రాలు కదలవు. బిడ్డను ఛాతీకి కట్టుకునే సంచి గానీ, ఓపికున్న మేనమామ గానీ కావాలి. బండల మీద బిడ్డను ఎత్తుకున్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

కోతులు?

ఉన్నాయి. తిరుమల వెళ్లొచ్చేవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, సంచి జిప్ వేసి ఉంచండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అనుమతి లేకుండా ఎగరేయొద్దు.

బూట్లు తప్పనిసరా?

ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు. మడమ పట్టీ ఉన్న చెప్పులు, మామూలు స్పోర్ట్స్ షూ చాలు. హవాయి చెప్పులు మాత్రం వద్దు. చీర కట్టుకునే పెద్దవాళ్లు చివరి బండల దగ్గర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి.

అంత దూరం వెళ్లలేం. తిరుపతి దగ్గర్లోనే ఇలాంటిదేమైనా ఉందా?

అంత లోయ లేదు, కానీ అదే రాయి ఉంది. తిరుమలలో గుడి నుంచి సుమారు ఒక కిలోమీటరు దూరంలో శిలాతోరణం ఉంది. గాలీ నీరూ కలిసి క్వార్ట్‌జైట్‌ను తొలిచి చేసిన సహజ తోరణం, దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. దర్శనం అయిపోయాక పిల్లలతో ఒక గంటలో చూసి రావొచ్చు, పక్కనే చక్రతీర్థం. కోట కూడా కావాలంటే చంద్రగిరి ఉంది. రాజమహల్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, ఆ ఒక్కటి చూసుకోండి. నీళ్లూ చెట్లూ కావాలంటే తలకోన సరే గానీ, అది వేరే రకం ప్రకృతి. ఎర్రటి లోయ చూడాలన్న కోరిక అక్కడ తీరదు.

అదే ట్రిప్‌లో బేలం గుహలు కలపొచ్చా?

రెండు రాత్రులు ఉండగలిగితే కలపండి. గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లు, నంద్యాల జిల్లాలో ఉన్నాయి. లోపల ఉక్కపోతగా ఉంటుంది, కొన్ని చోట్ల వంగి నడవాలి, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఒక్క రాత్రి ట్రిప్‌లోనే ఇరికిస్తే పొద్దున లోయ దగ్గర గడియారం చూసుకుంటూ కూర్చుంటారు, తిరుపతి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, మర్నాడు పిల్లలు బడికి ఎగ్గొడతారు. అలాంటప్పుడు బేలం ఇంకోసారికి ఉంచేసి, లోయ చూశాక పదింటికల్లా బయల్దేరితే ఒంటిమిట్ట దర్శనం కూడా చేసుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరతారు.